మార్కబాన్ చేతికి తగిలిన నేల

వరుసారి ఊరి గోరీలతోటలో మూడొందల నలభై రెండు గోరీలుండేవి. ఏది ఎవరిదో ఏ దస్తరంలోనూ రాసి లేదు. అదంతా కాపలాదారు మార్కబాన్ బుర్రలో ఉండేది. సగం గోరీల మీద పేరు కూడా కనిపించేది కాదు; తల దగ్గర పాతిన చెక్కపలకలు వానలకు నాని, చెదలు పట్టి, చెక్కిన అక్షరాలు కాస్తా చెరిగిపోయేవి. ఉపవాసాల నెల రేపో మాపో అనగా, పోయినవాళ్ళ మీద పూలు చల్లడానికి ఊరంతా కదిలేది. అప్పుడు అమ్మమ్మ గోరీ ఎక్కడో గుర్తులేని వాళ్ళు సిగ్గుపడుతూ అతని గుమ్మంలో నిలబడేవాళ్ళు. పూలు కొనడం గుర్తుంటుంది గాని మనిషిని ఎక్కడ పెట్టారో గుర్తుండదని అతను గొణిగేవాడు. గొణుగుతూనే ముందు నడిచేవాడు.

తండ్రిదీ అదే పని, తాతదీ అదే. తోట తాళంచెవి వాళ్ళింట్లో ఉండేది. తోటకు తలుపు లేదు, కాబట్టి తాళమూ లేదు. అయినా చెవి మాత్రం మూడు తరాలుగా ఒక మేకుకు వేలాడేది. అది ఎవరింట్లో ఉంటే వాళ్ళే తోటకు కాపలాదారు. తూర్పు జావాలో సురబాయా చుట్టుపక్కల పెద్దవాడిని అన్న అనే వరసలో 'చాక్' అని పిలుస్తారు. ఊళ్ళో అతనికంటే పెద్దవాళ్ళు కూడా అతన్ని చాక్ అనే అనేవాళ్ళు. అందరినీ చివరికి చేరవేసేవాడి దగ్గర కాస్త వినయం మంచిదనుకున్నారో ఏమో.

అతని గొప్పంతా చేతిలో ఉండేది. కొత్త గొయ్యి తవ్వే ముందు నిలువెత్తు ఇనప చువ్వ ఒకటి తీసుకుని నేలలోకి బలంగా పొడిచేవాడు. కింద పాత గోరీ ఉంటే మట్టి గుల్లగా ఉండి చువ్వ దిగబడుతుంది. ఎవరూ తవ్వని నేలయితే ఠక్కుమని ఆగుతుంది. ఆ ఠక్కు మణికట్టు మీదుగా మోచేతి దాకా వచ్చేదట. కళ్ళు మూసుకుని చెప్పేవాడు, ఇక్కడ ఎవరో ఉన్నారు, ఇక్కడ ఎవరూ లేరు అని. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఒకరి మీద ఇంకొకర్ని పెట్టలేదు.

అతని భార్య ముంతియాకు ఈ గొప్ప చూస్తే నవ్వొచ్చేది. "నేల కింద ఏముందో ఆయన చేతికి తెలుస్తుందంట. కూరలో ఉప్పుందో లేదో మాత్రం నాలిక్కి తెలీదు" అని చుట్టుపక్కల ఆడవాళ్ళ ముందు అనేది. పిల్లలు లేరు. పందొమ్మిదేళ్ళ కాపురం తర్వాత ఒక వానాకాలంలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయింది. గొయ్యి అతనే తవ్వాడు, ఇంకొకర్ని గునపం ముట్టుకోనివ్వలేదు. పలక కోసం బజారుకు వెళ్ళలేదు. వంటింటి తలుపులోంచి ఒక టేకు చెక్క ఊడదీసి, చిత్రిక పట్టి, దాని మీద పేరు చెక్కాడు. ఆ చెక్కకు గడియ పట్టే రంధ్రం ఉంది. దాన్ని పూడ్చడానికి మనసొప్పలేదు. రోజూ పొద్దున్నే ఆ గడియ తీసేది ఆవిడే.

ముంతియా పోయిన మూడేళ్ళకు బురద వచ్చింది. ఊరికి దక్షిణాన వరిచేలో నేల నోరు తెరిచి, ఆవిరీ కుళ్ళిన గుడ్ల వాసనా కక్కుతూ, బూడిదరంగు వేడి బురద కాలవలా పారింది. ఎందుకొచ్చిందన్న దాని మీద పెద్దమనుషులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాదించుకోవచ్చు, వాళ్ళవాళ్ళ గోరీలు ఎండలో పొడిగా ఉన్నాయి. వరుసారి ఇళ్ళు కిటికీల దాకా మునగడానికి తొమ్మిది రోజులు పట్టింది, చూర్ల దాకా మునగడానికి ఇంకో నెల. గోరీలతోట పల్లంలో ఉంది కనుక అదే ముందు పోయింది. పదకొండో రోజుకి దేవగన్నేరు చెట్ల కొమ్మలు మాత్రం పైన మిగిలాయి, పూలతో సహా.

జనాన్ని తీసుకెళ్ళి కొత్తగా కట్టిన సంతకొట్లలో పెట్టారు. ఒక్కో కొట్లో రెండేసి కుటుంబాలు, మధ్యలో దుప్పటి తెర. బురద ఇంకా ముందుకు పారకుండా చుట్టూ పెద్ద మట్టికట్ట పోశారు. మార్కబాన్ ఆ పనిలోనూ చేరాడు, ఆ తర్వాత గుండ్ల పనిలోనూ చేరాడు. కాంక్రీటు గుండ్లు పోత పోసి, గొలుసులకు గుచ్చి, బురద నోట్లోకి దించేవాళ్ళు, నోరు పూడుతుందని. ఒక్కో గుండు ఇద్దరు మనుషులంత బరువు. క్రేను వదలగానే గుడుక్కుమని దిగిపోయేది. ఒక బుడగ లేచేది, పగిలేది. అంతే. వందల గుండ్లు మింగింది, నోరు మూయలేదు. కూలీలు పందేలు కాసుకున్నారు, ఇంజనీర్లు కాగితాలు నింపుకున్నారు. మార్కబాన్ మాత్రం ఒక సంగతి చూసి పెట్టుకున్నాడు. బరువైనది నిలువునా దిగుతుంది. ఖాళీ సిమెంటు సంచులు, చెక్కముక్కలు పైన తేలి ఎటో నడిచిపోతాయి. చూశాడు గాని అది తనకు పనికొచ్చే సంగతి అనుకోలేదు.

రెండో ఏడు ఉపవాసాల ముందు ఊరి జనమంతా పూలు తీసుకుని కట్ట ఎక్కారు. ఎదురుగా మైళ్ళకొద్దీ బూడిదరంగు మైదానం. దేవగన్నేరు కొమ్మలు కూడా లేవు. గులాబి రేకులు, కెనాంగ పూలు గుప్పిళ్ళతో విసిరారు. గాలి వాటిని వెనక్కి తెచ్చి విసిరినవాళ్ళ మొహాన కొట్టింది. ఎవరు ఎటు తిరిగి ప్రార్థన చేయాలో తెలియలేదు. జుమైయా అనే ఆవిడ, డెంగీ జ్వరంతో తొమ్మిదేళ్ళ కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, బుట్టలో పూలు అలాగే ఉంచుకుని మార్కబాన్ దగ్గరికి వచ్చింది.

"చాక్, మా నూరిల్ ఎక్కడుంది?" అంది.

ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే అతని పని. తెలియదని చెప్పడం అతనికి చేతకాలేదు.

కట్ట పక్కన బురద పైపొర ఎండి మనిషిని మోసేంత పెచ్చు కట్టింది. మర్నాడు అరటి బోదెలు, రెండు పొడవాటి పలకలు తీసుకుని దాని మీదికి దిగాడు. కట్ట అవతల గట్టి నేల మీద కరెంటు టవరు ఒకటి ఉంది, దాని వెనక దూరంగా పెనంగుంగాన్ కొండ. తోటలో దేవగన్నేరు చెట్టు కింద నిలబడితే టవరు సరిగ్గా కొండ కొసను కప్పేదని అతనికి గుర్తు. తూర్పున మసీదు మినారు సగం ఇంకా బురద పైన ఉంది. ఇటు కొండ, అటు మినారు చూసుకుని, అడుగులు లెక్కపెట్టుకుని, ఒకచోట ఆగాడు. పొడవాటి వెదురు గెడ ఎత్తి, చువ్వ పొడిచినట్టే బలంగా పొడిచాడు. రెండు నిలువులు దిగి ఠక్కుమని ఆగింది. ఆ ఠక్కు మణికట్టు మీదుగా మోచేతి దాకా వచ్చింది.

"తగిలింది," అని కట్ట మీదివాళ్ళకు వినపడేలా చెప్పాడు. "తోట నేల ఇదే."

జుమైయా కట్ట మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో ఎంత హాయి ఉందో అక్కడున్న వాళ్ళందరికీ తెలిసింది. ఆ వారంలో నలభై ఇళ్ళవాళ్ళు వచ్చి అడిగారు. అడిగినవాళ్ళందరికీ ఒక్కో గెడ పాతాడు, ప్రతి గెడకీ నేల తగిలింది. నలభై ఒకటోది ముంతియాకు పాతాడు.

తర్వాతి నాలుగేళ్ళూ మార్కబాన్ కట్ట మీద పెద్దమనిషి. మూడో ఏడు మినారు పక్కకు ఒరిగి మునిగిపోయింది. గెడలు ఉన్నాయిగా, మినారుతో పనేముందనుకున్నాడు. ఏటా ఉపవాసాల ముందు వెళ్ళి, వాలిన గెడల్ని నిటారుగా నిలబెట్టేవాడు, పుచ్చినవాటి పక్కనే కొత్తవి పొడిచేవాడు. గెడలన్నీ ఉత్తరానికే వాలేవి. గాలి అనుకున్నాడు. గెడల తలలు సరిచేశాడు గాని కాళ్ళు ఎక్కడున్నాయో చూడలేదు.

బురద చూడ్డానికి వచ్చే జనాన్ని కట్ట మీద మోటారు సైకిలెక్కించి తిప్పే ముజాయిన్ అనేవాడు ఒకసారి అడిగాడు. రోజూ అదే దారిలో పదిసార్లు తిరిగే మనిషికి కంటికి ఆనుతుంది కదా.

"చాక్, ఈ గెడలు నిరుడు మూడో దీపస్తంభం ఎదురుగా ఉండేవి. ఇప్పుడు నాలుగోది దాటాయేంటి? మీవాళ్ళేమన్నా షికారు బయల్దేరారా?"

మార్కబాన్‌కు ఒళ్ళు మండింది. "నువ్వు బండి తోలుకో. తోట మట్టి నా చేతికి తెలీదా?" అన్నాడు. ఆ మాట ముజాయిన్ మర్చిపోలేదు.

ఆరో ఏడు, ప్రభుత్వం ఇళ్ళు కట్టించిన కొత్త ఊరికి కొత్త గోరీలతోట వచ్చింది. పాతవాళ్ళను ఎత్తి తేవడం ఎలాగూ కుదరదు కనుక, ఒక్కో గెడ మొదట్లోంచి గుప్పెడు మట్టి తీసి, తెల్లగుడ్డలో చుట్టి, కొత్త తోటలో గోరీ కట్టాలని పెద్దలు నిర్ణయించారు. అలా చేయడం మావాళ్ళకు కొత్త కాదు; శరీరం దొరకనప్పుడు దాన్ని దాచుకున్న మట్టే మనిషి. గ్రామపెద్ద హర్జోనో తాళంచెవిని కొత్త రిబ్బనుకు కట్టి మళ్ళీ మార్కబాన్‌కే ఇస్తానన్నాడు. నలభై ఒక్క ఇళ్ళలో బియ్యప్పిండి నానబెట్టారు, పోయినవాళ్ళ పేరు మీద అపెమ్ అట్లు పోయడానికి.

ఆ వేడుక ఇంకా వారం ఉందనగా మార్కబాన్ ముంతియా గెడ మార్చడానికి వెళ్ళాడు. పాతది పుచ్చిపోయింది, వేడుక రోజు బాగుండాలని కొత్తది కోసి తెచ్చాడు. అప్పటికి అతను టైఫాయిడు పడి లేచి పదిరోజులు. గెడ ఎత్తి పొడిచే సత్తువ లేదు. సరే, అని గెడను నిలబెట్టి, దాని మీద మెల్లగా ఒంటి బరువు వేసి ఆనుకున్నాడు.

గెడ దిగింది. రెండు నిలువులు దిగి ఆగుతుందని చూశాడు. ఆగలేదు. మెల్లగా, ఏ అడ్డూ లేకుండా, నిద్రపోయేవాడి తల వాలినట్టు దిగుతూనే ఉంది. ఛాతీ దాకా వచ్చింది, మోకాళ్ళ దాకా వచ్చింది, చివరికి గెడ కొస అతని గుప్పిట్లోంచి జారి బురదలో కలిసిపోయింది. పలక మీద బోర్లా పడి మణికట్టు దాకా చెయ్యి పెట్టి వెతికాడు. దొరకలేదు.

కట్ట మీదికి పోయి ఇంకో గెడ తెచ్చాడు. ఈసారి ఉన్న సత్తువంతా కూడగట్టుకుని పొడిచాడు. ఠక్కుమని ఆగింది. అదే ఠక్కు. చేతిని వదులు చేసి, గెడ మీద అరచెయ్యి ఊరికే ఆనించి నిలబడ్డాడు. నూరు లెక్కపెట్టేలోపు గెడ మళ్ళీ దిగసాగింది. పైకి లాగి పొడిచాడు, ఆగింది. ఆనుకున్నాడు, దిగింది. అలా ఎన్నిసార్లు చేశాడో అతనికే తెలియదు. ఆ బురద విసురుగా వచ్చినవాడికి నేలలా బిగుసుకుంటుంది, నెమ్మదిగా వచ్చినవాడికి దారి ఇస్తుంది. ముప్పై ఏళ్ళు నేలను పొడిచి ప్రశ్నలడిగిన మనిషికి నెమ్మదిగా అడగడం ఎప్పుడూ అవసరపడలేదు. నలభై ఒక్క గెడల్లో ఒక్కటీ నేలను తాకలేదు. అన్నీ బురదలోనే నిలబడ్డాయి, బురదతోపాటే నడిచాయి.

అప్పుడు తలెత్తి కొండ వైపు చూశాడు. నాలుగేళ్ళుగా చూడలేదు. చేతికి తెలిసినదాన్ని కంటితో సరిచూసుకోవడం దేనికి అనుకున్నాడు కదా. టవరు కొండను కప్పడం లేదు. టవరు ఒక పక్కన, కొండ కొస ఒక పక్కన, మధ్యలో బోలెడు ఆకాశం. కొండ కదలదు, టవరు గట్టి నేల మీద ఉంది. కదిలింది తనే, ముంతియా అనుకుని తను మాట్లాడుతూ వచ్చిన ఆ గెడే. పెచ్చు మీద పలకలు మార్చుకుంటూ దక్షిణంగా నడిచాడు. టవరు మళ్ళీ కొండ కొసను కప్పేసరికి యాభై ఎనిమిది అడుగులయ్యాయి. ఆ గీత మీద ఎక్కడో ఆవిడ ఉంది. గీత మీద ఏ చోట అన్నది మినారు చెప్పాలి. మినారు మునిగి మూడేళ్ళయింది.

వెనక్కి తిరిగి గెడల వైపు చూస్తే అవి పాతిన వరస కూడా తప్పాయి. కొన్ని ఎక్కువ నడిచాయి, కొన్ని తక్కువ. హర్జోనో తండ్రి గెడ, కాలవనీళ్ళ తగాదాలో ఆయన్ని ఇరవై ఏళ్ళు కోర్టుకు తిప్పిన దాయాది గెడతో భుజం కలిపి నిలబడి ఉంది. మార్కబాన్‌కు నవ్వొచ్చింది. ఆ తర్వాత పలక మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాడు.

ముందు హర్జోనో దగ్గరికి వెళ్ళాడు. హర్జోనో మంచివాడే, చెడ్డపని చెప్పేటప్పుడు తలుపు వేసి చెప్పేపాటి మంచివాడు. అంతా విని, లవంగాల సిగరెట్టు వెలిగించుకుని, ఇంకెవరికైనా చెప్పావా అని అడిగాడు. లేదంటే ఊపిరి పీల్చుకున్నాడు.

"మట్టి ఎక్కడైనా మట్టే, చాక్. నువ్వు నోరు మూసుకుంటే నలభై ఇళ్ళవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. తెరిస్తే నీకొచ్చేదేముంది?"

ఏమొస్తుందో మార్కబాన్‌కూ తెలియలేదు. కానీ వేడుక రోజు ముందుగా గుప్పెడు మట్టి తీయాల్సింది తనే. ముంతియా అని పేరు పెట్టి ఏదో బురదను తెల్లగుడ్డలో చుట్టి, దాని మీద పలక పాతి, ఆవిడతో మాట్లాడాలి. ఒకరి మీద ఇంకొకర్ని ఎన్నడూ పెట్టనివాడు, ఎవరూ లేనిచోట తన భార్యను పెట్టాలి. తను ఒక్కడే మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు.  మూడో రోజు జుమైయా ఇంటికి వెళ్ళాడు. అందరికంటే ముందు అడిగింది ఆవిడే కనుక అందరికంటే ముందు చెప్పాల్సిందీ ఆవిడకే అనుకున్నాడు.

జుమైయా పొయ్యి ముందు కూర్చుని మూకుట్లో అట్టు పోస్తోంది. అతను చెప్పింది మొత్తం విన్నది. అట్టు తిరగేసింది, తీసింది, ఇంకోటి పోసింది. అది మాడింది.

"నాలుగేళ్ళ నుంచి నేను ఎవరితో మాట్లాడుతున్నాను, చాక్?" అంది చివరికి.

అతను ఒక గీత ఉందని, ఆ గీత పొడవునా ఎక్కడో పిల్ల ఉందని చెప్పబోయాడు. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"గీత మీద ఎక్కడ కూర్చోమంటావు నన్ను? మీ ఆవిడ్ని ఎక్కడైనా పెట్టుకో, అది నీ ఇష్టం. నా పిల్లను నా దగ్గర్నుంచి రెండోసారి తీసుకుపోకు. లే, ఇంటికెళ్ళు."

వేడుక నాడు కట్ట మీద ఊరంతా ఉంది. ఖురానులోంచి యాసీన్ చదవడం అయ్యాక హర్జోనో తెల్లగుడ్డ చేతికిచ్చి, ముందు నువ్వే దిగు చాక్ అన్నాడు. మార్కబాన్ దిగలేదు. గుడ్డ మడత పెట్టి తిరిగి ఇచ్చేసి, గెడలు తప్పు చోట ఉన్నాయని, తప్పు తనదేనని, నేల తగల్లేదని, తగిలిందని తన చెయ్యి తనతో అబద్ధం చెప్పిందని, అందరికీ వినపడేలా చెప్పాడు. గీత సంగతి కూడా చెప్పాడు, టవరు వైపు చూపించాడు.

 గాలికి పూల బుట్టల్లో రేకులు కదిలాయి. వెనక నుంచి ఎవరో, మరి మావాళ్ళెక్కడ, అని అడిగారు. సరిగ్గా తెలియదు, అన్నాడు మార్కబాన్. ముప్పై ఆరేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

అప్పుడు అతన్ని తిట్టి ఉంటే బాగుండేది. రాళ్ళు వేసినా సరిపోయేది. ఎవరూ తిట్టలేదు. పాపం టైఫాయిడు తలకెక్కింది అన్నారు. ఆ మాట ముందు ఎవరి నోట వచ్చిందో తెలియదు గాని, అది రాగానే కట్ట మీద అందరి మొహాలూ తేటపడ్డాయి. మనిషికి మతి తప్పింది, గెడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎంత తేలిక. అందరికంటే గట్టిగా అన్నవాడు ముజాయిన్.

"నేను రోజూ పదిసార్లు ఈ దారిన తిరుగుతాను. ఆ గెడలు పాతిన చోటు నుంచి బెత్తెడు కదిలినా నా కంట పడదా?" అన్నాడు.

మార్కబాన్ అతని వైపు చూశాడు. ముజాయిన్ చూపు తిప్పుకోలేదు. ఆ రోజు కోసమే దాచుకున్నట్టున్నాడు. తర్వాత నలభై ఇళ్ళవాళ్ళూ వరసగా పలకల మీద దిగి, గెడల మొదట్లోంచి గుప్పెడేసి బురద తీసుకున్నారు. అందరికంటే ముందు దిగింది జుమైయా. మార్కబాన్ పక్కనుంచే వెళ్ళింది, కొంగు అతనికి తగలకుండా దగ్గరికి లాక్కుని.

తాళంచెవి, కొత్త రిబ్బనుతో సహా, ముజాయిన్‌కు ఇచ్చారు. కొత్త తోటకు తలుపూ తాళమూ రెండూ ఉన్నాయి. నలభై గోరీలు తెల్లసున్నంతో మెరుస్తున్నాయి, ఒక్కోదానిలో ఒక్కో గుప్పెడు. నలభై ఒకటో చోటు కొన్నాళ్ళు ఖాళీగా ఉంచి, తర్వాత అక్కడ పంపుసెట్టు బిగించారు. వీధిలో ఎదురైతే అందరూ మార్కబాన్‌ను ఆప్యాయంగానే పలకరించేవాళ్ళు, జబ్బుపడ్డ పిల్లాడితో మాట్లాడినట్టు. జ్వరం తగ్గిందా చాక్ అనేవాళ్ళు. ఏడాది తర్వాత కూడా అదే అడిగేవాళ్ళు. మావాళ్ళ దయ అలాంటిది, మనిషిని కూర్చోబెట్టి చంపుతుంది.

ఆ మరుసటేడు వానలు వెనకబట్టాక, బురదను నదిలోకి తోడే యంత్రం దగ్గర ఒక చెక్కపలక తేలింది. గెడలున్న చోటుకి అది మైలు దూరం. టేకు చెక్క, బురద తాగి నల్లబడినా కుళ్ళలేదు. చుట్టూ మట్టి నాని పట్టు వదిలేసరికి, బురద కంటే తేలికైన చెక్క ఏళ్ళతరబడి పైకి పాకుతూ, పాకుతూనే ఉత్తరానికి నడుస్తూ, అక్కడ తల బయటపెట్టింది. యంత్రం నడిపేవాడు కడిగి చూస్తే 'ముంతియా' అని ఉంది. పేరు పక్కన గడియ రంధ్రం.

చూశావా, దేవుడే పంపాడు, ఇకనైనా కొత్త తోటలో పాతుకో అన్నాడు హర్జోనో. మార్కబాన్ పలకను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. చెక్క తేలుతుంది, తేలింది. ముంతియా ఎక్కడుందో దానికేం తెలుసు? నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, ప్రభుత్వం కట్టించిన ఇంట్లో వంటింటి తలుపుకు ఒక పలక తీసేసి, దీన్ని బిగించాడు. పేరు లోపలి వైపుకు పెట్టాడు. గడియ వేస్తే సరిగ్గా రంధ్రంలో పడింది.

సాయంత్రం జుమైయా వచ్చింది. ఆ వేడుక తర్వాత అతని గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. పూల బుట్ట చేతిలో ఉంది, కొత్త తోటకు వెళ్తూ దారిలో ఆగింది. పలక ఎక్కడ తేలిందో ఆవిడ అప్పటికే విన్నది. లోపలికి వచ్చి తలుపు ముందు నిలబడి ఆ పేరు చూసింది, రంధ్రంలో వేలు పెట్టి చూసింది.

"మైలు నడిచిందన్నమాట," అంది. "పలకే మైలు నడిస్తే, గెడలు..."

  ఆవిడ ఎంతకీ తలుపు దగ్గర నుంచి కదల్లేదు. బుట్టలో గులాబి రేకుల పక్కన రెండు అట్లు ఆకులో చుట్టి ఉన్నాయి, నూరిల్ కోసం. శుక్రవారం శుక్రవారం ఆ తెల్లసున్నపు గోరీ పక్కన పీట వేసుకుని కూర్చుని ఆవిడ పిల్లతో మాట్లాడుతుందని ఊరందరికీ తెలుసు. కొన్నిసార్లు నవ్వుతుందని కూడా తెలుసు.

"చాక్, ఆ రోజు నువ్వన్నది జ్వరంలో అన్నావు కదూ?" అంది. తల తిప్పలేదు.

అతను ఆవిడ చేతులు చూశాడు. అట్ల మీది ఆకు జారకుండా సర్దుతున్నాయి. ఆ రోజు అన్న ఆ ఒక్క మాట కోసం అతను తాళంచెవి పోగొట్టుకున్నాడు, పేరు పోగొట్టుకున్నాడు, భార్యకు గుప్పెడు మట్టి లేకుండా చేశాడు. ఇప్పుడు తనది నిజమని తెలిసిన మనిషి ఒకరు ఎదురుగా నిలబడి ఉంది, దాన్ని వెనక్కి తీసుకోమని అడుగుతోంది.

"అవును జుమైయా," అన్నాడు. "జ్వరంలోనే అన్నాను."

ఆవిడ తలూపింది. కొంగు సర్దుకుని బుట్ట చంకనెత్తుకుంది. గుమ్మం దాటుతూ ఆగి, అతని మొహం చూడకుండానే అంది.

"ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది."